విడిచిన కొలువు, విడువని చేయి

ఏండ్లకొలది యొకేచోట పని చేసినవారు ఆ చోటు విడుచునప్పుడు తమతో నేమి కొనిపోవుదురు? అమెరికాదేశపు చిత్రకారుడగు గ్లెన్ కీన్ వృత్తాంతము తెలిసినది మొదలు ఈ ప్రశ్న మమ్ము విడువకున్నది.

బొమ్మల సినిమాలో సెకనునకు 24 చిత్రములు తెరపై గడచును. ఒక్కొక్క బొమ్మను రెండేసి మారులు చూపినను, చేతితో గీయువారు సెకనునకు 12 బొమ్మలు గీయవలసియుండును. రెప్పపాటున మాయమగు బొమ్మకై చిత్రకారుడు బల్లకడ వంగి గంటలు గడపును. ఈ శ్రమ మనకు క్రొత్త గాదు. తెల్లవారుజామున వంగి పెట్టిన ముగ్గు మధ్యాహ్నమునకు కాళ్లక్రింద చెరగిపోవును. అయినను మరునాడు మరల పెట్టుదుము.

కీన్ 1974లో డిస్నీ స్టూడియోలో చేరెను. ఆలీ జాన్‌స్టన్ వంటి పెద్దలకడ పని నేర్చెను. 1989లో వచ్చిన ‘లిటిల్ మెర్మెయిడ్’ నందలి ఏరియల్ ఈతని చేతిలోనే ప్రాణము పోసికొన్నది. ఆమె రూపమునకు తన భార్యయే ఆధారమని ఆయన చెప్పియున్నాడు. 1991లో ‘బ్యూటీ అండ్ ది బీస్ట్’ చిత్రమునకు మృగరూపుని గీయవలసివచ్చినప్పుడు సింహపు జూలు, అడవిదున్న తల, అడవిపంది కోరలు, ఎలుగు దేహము, తోడేలు కాళ్లు ఒక్కచోట కూర్చెను. కన్నులు మాత్రము మనుజునివే. ఆ కన్నులలోని దుఃఖమును చూచియే పిల్లలు ఆ మృగమునకు భయపడుట మాని జాలిపడుదురు.

పిమ్మట కంప్యూటరు కాలము వచ్చెను. 2010లో వెలువడిన ‘టాంగిల్డ్’ చిత్రమును కీన్ ఏండ్లతరబడి మనసున పెంచినవాడే. 2008లో గుండెజబ్బు కలుగుటచే దర్శకత్వము నితరుల కప్పగించెను. అయినను బొమ్మల నడకలను దిద్దు పని మానలేదు. ఆయన కుమార్తె క్లేర్ కూడ ఆ చిత్రమునకు కళాకారిణిగ పనిచేసినది.

2012 మార్చిలో, 57వ యేట, సుమారు 38 సంవత్సరముల కొలువును ఆయన విడిచెను. తోడివారికి వ్రాసిన లేఖలో నిందలేదు. ఈ కళలో తాను చూడవలసిన క్రొత్త సీమలు ఇంకను గలవను తలంపే యున్నది. ఏరియల్, మృగరూపుడు స్టూడియో సొత్తుగ నచటనే నిలిచిరి. చేయి మాత్రము ఆయన వెంట వచ్చెను. 2014లో ‘డ్యూయెట్’ అను చిన్న చిత్రమును గీసెను. బాస్కెట్‌బాల్ క్రీడాకారుడగు కోబీ బ్రయంట్ తన యాటకు వీడ్కోలు చెప్పుచు వ్రాసిన గేయమునకు 2017లో బొమ్మలు గీసెను. వీడ్కోలు రుచి నెరిగిన చేయి గీసిన ఆ చిత్రమునకు 2018లో ఆస్కారు వచ్చెను. 2020లో, తల్లిని గోల్పోయిన చైనా బాలిక కథను ‘ఓవర్ ది మూన్’ అను పెద్ద చిత్రముగ రూపొందించెను.

ఇది చదువునప్పుడు మా మనసు మా యింటిపైకే పోయినది. నిరుడు వంటయింటి పెత్తనమును కోడలికి అప్పగించితిమి. ఆమె గుణవంతురాలు, “మీరు కూర్చోండి అత్తయ్యా” యని పీట వేయును. ఆ పీటపై కూర్చున్న తొలినాళ్లలో మా చేతులు మావి కానట్లు తోచినవి. ఉప్పు కారముల పాలు కన్నుతోనే కొలుచు నేర్పు, పాకము తీగకు వచ్చుట వ్రేళ్లతో తెలిసికొను నేర్పు ఎవరికి అప్పగింతుము? ఇప్పుడు సాయంకాలము ఇరుగుపొరుగు బాలికలకు ఊరగాయలు, అరిసెలు చేయుట నేర్పుచున్నాము. పిండి కలుపుచుండగ ప్రొద్దు తెలియుటలేదు.

కావున పెద్దవారలారా, పెత్తనము విడుచుటకు వెఱవకుడు. చేతనైన పనిని మాత్రము విడువకుడు. కోడండ్రారా, అత్తగారికి విశ్రాంతి నిచ్చుట మంచిదే. అయినను ఆమె యే పనికై ఎదురుచూచుచున్నదో ఒక్కమారు అడుగుడు.