కిరాయికి గది, రాత్రికి సరాయి

కిషన్‌బాగ్‌లో గది దొరికేలోపు ఈ నగరంలో చాలా గుమ్మాలెక్కాను. ఎక్కడికెళ్లినా అవే ప్రశ్నలు. ఏ ఊరు? ఏం పని? పెళ్లైందా? ఏం తింటరు? ఆఖరిది కొందరు నేరుగా అడగరు, ఇంటిపేరు అడుగుతారు. అది చెప్తే చాలు, మిగతావన్నీ వాళ్లే అర్థం చేసుకుంటారు.

గదిలో చేరాక సాయంత్రాలు పురానాపూల్ దాకా నడవడం అలవాటైంది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో, 1578లో కట్టిన వంతెన. దాటితే కార్వాన్. బిడారు అన్న మాటే ఆ పేటకి పేరైపోయింది. 17వ శతాబ్దంలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, వ్యాపారులూ దళారులూ ఉండేది ఏటికి ఈ పక్కనే అని రాశాడు. అంత మంది వచ్చిపోయే చోట రాత్రి తలదాచుకోడానికి సరాయిలు కావాలి కదా.

గోల్కొండకి దగ్గర్లో షేక్‌పేట సరాయి ఇంకా నిలబడి ఉంది. కుతుబ్‌షాహీల నాటిది. రెండంతస్తులు, వరసగా కమాను గదులు, పశువులకి కొట్టాలు, పక్కనే మసీదు. మచిలీపట్నం దారిలో హయత్‌బక్షీ బేగం కట్టించిన హయత్‌నగర్ మసీదు చుట్టూ కూడా అలాంటి గదుల వరసే. బిడార్లు పోయి రైళ్లొచ్చాక, నాంపల్లి స్టేషన్ దగ్గర ఏడో నిజాం కాలంలో ఇంకో సరాయి లేచింది.

షేక్‌పేటలో నన్ను ఆపేసింది ఆ గదుల పోలిక. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ఒక్క తీరే. అప్పుడు మనుషుల మధ్య తేడాల్లేవని కాదు, బోలెడున్నాయి. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి రేపు వస్తాడని ముందే అనుకుని, అతని కోసం గోడలు లేపారు. ఎవరొస్తారో తెలియకుండానే చోటు సిద్ధం చేశారు.

'సత్రం భోజనం, మఠం నిద్ర' అని మనవాళ్లు ఇల్లూవాకిలీ లేనివాణ్ని ఎగతాళి చేస్తారు. ఆ సత్రమే లేకపోతే వాడేమైపోవాలో సామెత చెప్పదు.

ఇప్పుడు అమీర్‌పేట హాస్టళ్లే సరాయిలు. ఒక గదిలో ఆరు మంచాలు, నెల అడ్వాన్సు, ఆధార్ జిరాక్సు. పాత సరాయిల రాళ్లని కాపాడాలి, నిజమే. కానీ రేపు పొద్దున బస్సు దిగే పిల్లకి ఈ ఊరు ఏ గది సిద్ధం చేసి ఉంచిందన్నది కూడా ఆ రాళ్ల చరిత్రలో భాగమే.