అద్దం మీద తువ్వాలు

మూడో రోజు పొద్దున్నే అమ్మ బాత్రూమ్ అద్దం మీద తువ్వాలు కప్పేసింది. "నా మొహం చూస్తే నాకే భయమేస్తోందే" అంది. నిజం చెప్పాలంటే నాకూ భయమేసింది. కళ్ల కింద నీలం, ఉబ్బిపోయిన బుగ్గలు. కుడివైపు కంటే ఎడమవైపు ఎక్కువ వాపు.

అమ్మకి 56 ఏళ్లు. లెక్కల టీచర్. నాన్న పోయాక నాలుగేళ్లలో బుగ్గలు, దవడ కింద చర్మం బాగా జారిపోయాయి. "ఒంట్లో బాలేదా మేడమ్?" అని స్కూల్లో రోజూ ఎవరో ఒకరు అడిగేవారట. చీటీ డబ్బులతో ఫేస్‌లిఫ్ట్ చేయించుకుంటానంటే, "ఈ వయసులో ఎందుకమ్మా?" అని విసుక్కున్నా. అయినా ఆగలేదు. వేసవి సెలవుల్లో చేయించుకుంది.

డాక్టర్ ముందే చెప్పారు. చర్మం కింద రక్తం పేరుకునే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. బీపీ ఉన్నవాళ్లకు ఇంకాస్త ఎక్కువ. ఒకవైపే ఉన్నట్టుండి వాపు, నొప్పి పెరిగితే వెంటనే ఫోన్ చేయాలి. అమ్మకి బీపీ ఉంది. ఆ రాత్రి దిండ్లు ఎత్తుగా పెట్టి, గంటకోసారి ఫోన్ లైట్‌లో మొహం చూస్తూ కూర్చున్నా.

మూడో రోజు వాపు చూసి మళ్లీ పరిగెత్తాం. డాక్టర్ నొక్కి చూసి, "గట్టిగా లేదు, నొప్పి పెరగలేదు. రెండువైపులా ఒకేలా తగ్గాలని లేదు" అన్నారు.

అప్పట్లో అత్త వీడియో కాల్ చేస్తే అమ్మ ఎత్తేది కాదు. పక్క గదిలో నేను మాత్రం మొహం నున్నగా చూపించే ఫిల్టర్ ఆన్ చేసుకుని ఆఫీసు మీటింగ్‌లో కూర్చునేదాన్ని. "ఎందుకమ్మా?" అని అడిగింది నేనే కదా అని సిగ్గేసింది.

వారానికి చెవుల ముందు కుట్లు తీశారు. రెండు వారాలకు నీలం పసుపుగా మారి పోయింది. తువ్వాలు కూడా అద్దం మీంచి దిగింది. చెవులకు మాత్రం ఇంకా స్పర్శ పూర్తిగా రాలేదు. "కమ్మలు పెట్టుకున్నా తెలియట్లేదు" అంటుంది. నెలలు పడుతుందట. మచ్చలు పాలిపోవడానికి ఏడాది దాకా పట్టొచ్చట.

అమ్మేమీ పాతికేళ్ల పిల్లయిపోలేదు. నుదుటి గీతలు అలాగే ఉన్నాయి. దవడ మాత్రం పాత ఫొటోల్లో ఉన్నట్టుంది.

జూన్‌లో స్కూల్ తెరిచిన రోజు సాయంత్రం అడిగా, "ఎవరైనా కనిపెట్టారా?"

"లేదు. ఒంట్లో బాలేదా అని కూడా ఎవరూ అడగలేదు."

"మరేమన్నారు?"

"చీర బాగుందన్నారు" అంది, నవ్వుతూ.