ఘాటీ దాటే దాకా సినిమా

రాయ్‌పూర్ భన్‌పురిలో నాది మొబైల్ రిపేరు షాపు. ఉర్లా, సిల్తరా ఫ్యాక్టరీల్లో ఇనుము ఎత్తుకుని జగదల్‌పూర్, కొరాపుట్ మీదుగా విశాఖ దిగే లారీలు ఈ రోడ్డు మీదే ఆగుతాయి. వాటిలో సాలూరు బళ్లు కొన్ని ఎప్పుడూ ఉంటాయి. సాలూరు లారీల ఊరని ఉత్తరాంధ్రలో చెప్పనక్కర్లేదు. నాన్న ఇక్కడి డబ్ల్యూఆర్‌ఎస్‌లో, అంటే రైల్వే వ్యాగన్ల కార్ఖానాలో పనిచేశాడు. మాది శ్రీకాకుళం వైపు. తెలుగు మాట్లాడే మేస్త్రీ అని డ్రైవర్లు నా కౌంటరు వెతుక్కుంటూ వస్తారు.

2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా నా సంపాదనలో పెద్ద భాగం రిపేరుది కాదు, మెమరీ కార్డుది. "కార్డు నింపీ తమ్ముడూ, కొత్త సినిమాలు ఎక్కించు" అనేవారు. చట్టం ఒప్పే పని కాదని నాకూ తెలుసు, ఎదురు షాపుకీ తెలుసు. డేటా చవకయ్యాక ఆ గిరాకీ దానంతటదే పడిపోయింది. పోలీసులు ఆపలేనిదాన్ని రీచార్జి ధర ఆపింది.

అయితే మొత్తం పోలేదు. ఈ దారిలోని కేశ్‌కాల్ ఘాటీలో, అంటే కొండదారిలో, జామ్ పడితే బండి గంటలు కదలదు. సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. సాలూరు ఘాటీలోనూ అంతే. ఆ గంటలకి ఫోన్లో ఒక సినిమా ఉండాలి. అందుకే డ్రైవర్లు యూట్యూబ్ నుంచి వీడియోలు దించే బయటి యాప్‌లు పెట్టుకున్నారు. అక్కణ్నుంచి నాకు కొత్త రకం గిరాకీ మొదలైంది. ఉన్నట్టుండి ఒక ఉదయం వరసగా నలుగురైదుగురు వచ్చి ఒకటే మాట: "నిన్న దిగింది, ఇయ్యాల చక్రం తిరుగుతోంది." ఫోన్లన్నీ ఒకేసారి పాడవ్వవు కదా. అంటే అమెరికాలో ఎవరో తాళం మార్చారన్నమాట.

ఆ తాళం సంగతి నాకు ఆసక్తి పుట్టించింది. యూట్యూబ్ ప్లేయర్ కోడ్‌లో చిన్న లెక్క ఒకటి దాచి ఉంటుంది. దాన్ని సరిగ్గా చేసి జవాబిచ్చినవాడికే వీడియో మామూలు వేగంతో వస్తుంది. జవాబు తప్పితే పూర్తిగా ఆపేయకుండా చుక్కచుక్కగా వదిలేవారు. కస్టమరు నెట్‌ని తిడతాడు, ఫోన్‌ని తిడతాడు, ఆఖరికి నన్ను తిడతాడు. ఆ లెక్క తరచూ మారుతుంటుంది. ఈమధ్య "నువ్వు రోబోవి కాదని లాగిన్ అయి చూపించు" అనే అడ్డు కూడా వచ్చింది. 2020 అక్టోబరులో అమెరికా రికార్డింగ్ కంపెనీల సంఘం ఫిర్యాదు చేస్తే యూట్యూబ్-డీఎల్ అనే డౌన్‌లోడ్ ప్రోగ్రామును కోడ్ దాచే గిట్‌హబ్ సైటు తీసేసింది, నవంబరులో తిరిగి పెట్టేసింది. ఆ పోట్లాట ఇంకా తెగలేదు.

యాడ్‌లు ఆపేవాళ్ల గొడవ వేరు. మా దగ్గర అది కంప్యూటరు ఉన్న పిల్లల వ్యవహారం. 2023లో యూట్యూబ్ వాళ్లకి "మూడు వీడియోల తరవాత ప్లేయర్ ఆగిపోతుంది" అని హెచ్చరిక పెట్టింది. ఫోన్లలో యాడ్ లేకుండా నడిచిన వాన్‌స్డ్ యాప్ 2022లోనే మూతపడింది. కొందరు సెట్టింగుల్లో డీఎన్‌ఎస్, అంటే సైట్ల చిరునామాలు వెతికే ఏర్పాటు, మార్పించుకుంటారు. దాంతో గేముల్లో యాడ్‌లు పోతాయి గానీ యూట్యూబ్‌లో పోవు, ఎందుకంటే అక్కడ యాడూ వీడియో ఒకే గుమ్మంలోంచి వస్తాయి. అదే మాట చెప్పి పంపేస్తాను, డబ్బులు తీసుకోను. అసలు డ్రైవర్లకి యాడ్ మీద కోపమే లేదు. "వస్తే రానీ, ఈలోగా బీడీ ముట్టించుకుంటాను" అంటారు.

ఓటీటీల తాళం ఇంకా గట్టిది. వైడ్‌వైన్ అంటారు, గూగుల్‌ది. ఫోన్ చిప్పులోని భద్రమైన అరలో బొమ్మ విప్పితే ఎల్1, మామూలు సాఫ్ట్‌వేరులో విప్పితే ఎల్3. ఎల్3 ఫోన్లో నెట్‌ఫ్లిక్స్ హెచ్‌డీ ఇవ్వదు. ఫోన్ సాఫ్ట్‌వేరు మార్చుకోడానికి బూట్‌లోడర్ అన్‌లాక్ చేస్తే కొన్ని ఫోన్లు ఎల్1 నుంచి ఎల్3కి దిగిపోతాయి. అవి నా దగ్గరికి "డిస్‌ప్లే మసగ్గా ఉంది" అంటూ వస్తాయి. డిస్‌ప్లే శుభ్రంగానే ఉంటుంది. స్క్రీన్ రికార్డు చేయబోతే నల్లగా వస్తుంది, అదీ ఇదే తాళం పని. దీన్ని బద్దలుకొట్టి నకలు తీస్తే కాపీరైట్ చట్టం 65ఎ కింద రెండేళ్ల దాకా జైలు. 2025 నవంబరులో పైరసీ సైటు ఐబొమ్మ కేసులో దాన్ని నడిపేవాణ్ని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశాక నా కౌంటరు దగ్గర కొన్నాళ్లు అదే చర్చ. "మరి మనం ఎక్కడ చూడాలి?" అన్నాడొక సాలూరు అన్న. ప్రైమ్, ఆహా పేర్లు చెప్పాను. యాప్‌లో డబ్బు కట్టి దించుకున్న సినిమా ఆ ఫోన్లోనే, ఆ యాప్‌లోనే ఆడుతుంది. కార్డు తీసి కేబిన్‌లో టీవీకి పెడితే ఆడదు. కొన్నిటికి మొదలుపెట్టిన 48 గంటల్లో గడువు తీరిపోతుంది. లోడు దిగడమే రెండు రోజులు పట్టే మనిషికి ఈ గడువు ఏం సరిపోతుంది?

నెట్ లేని చోట చూసేవాళ్లున్నారన్న సంగతి కంపెనీలకి తెలియక కాదు. 2014 డిసెంబరులోనే మన దేశంలో యూట్యూబ్ డబ్బు తీసుకోకుండా ఆఫ్‌లైన్ సదుపాయం ఇచ్చింది. 2017లో వచ్చిన యూట్యూబ్ గోలో దించిన వీడియోను పక్క ఫోన్‌కి పంపుకోవచ్చు కూడా. డ్రైవర్లకి దానంత పనికొచ్చిన యాప్ నేను చూడలేదు. 2022 ఆగస్టులో దాన్ని మూసేశారు. యాడ్ తప్పించుకునేవాడినీ, సిగ్నల్ లేనివాడినీ ఒకే దొంగల లెక్కలో వేయడం నాకు నచ్చదు. మొదటివాడితో మీ పోట్లాట మీరు పడండి. రెండోవాడికి మాత్రం ఒక సినిమాకి ఒక ధర పెట్టి, వారం రోజులు నెట్ అడక్కుండా ఆడేలా అమ్మండి. రీచార్జి అమ్మినట్టే కౌంటరు మీద నేను అమ్మిపెడతాను, కమీషన్ రీచార్జికి ఇచ్చినంత ఇస్తే చాలు.