పొయ్యెనక గోడ

మేం టైల్స్ పనోళ్లం. ఎందరి వంటిండ్లల్లనో పొయ్యెనక గోడకు టైల్స్ అతికించినం. టైల్‌ను ముందు నీళ్లల్ల నానబెట్టాలె, బుడగలు ఆగేదాంక. లేకుంటే సిమెంటుల తడి పీల్చుకుంటది, పట్టు దొరకక ఊడిపోతది. టైల్‌కు అన్ని నీళ్లు తాపే మాకు ఆ ఇండ్లల్ల నీళ్లు బయటనే, వేరే గిలాసల. పని నడిచినన్ని దినాలు వంటింట్ల మేమే. సందుల్ల తెల్లసిమెంటు ఆరినంక ఆ గడప తొక్కితే మైల! పేరు చెప్తే కిరాయికి ఇల్లు గూడ ఇయ్యరు.

మొన్న రంజాన్ ముందు మా అమ్మీ పొయ్యెనక అతికించినం. అన్నీ మిగిలిన ముక్కలే. తెల్లయి, నీలియి, పూలయి. రంగులు కలవలే గని లెవెల్ తప్పలే. అమ్మీ కొంగుతోని తుడుసుకుంట మురిసింది.

దోస్తులారా, మా ఇంటికి రాండ్రి. వంటింట్లనే కూసొని చాయ్ తాగుదాం. గోడ మీద మీ ఇంటి ముక్క గూడ ఉన్నదేమో సూద్దురు.