సోఫాలోంచి... హళేబీడు దాకా!

ఫ్లోరెన్స్‌లో పెంకుటిళ్ల కప్పుల మీద పరుగులు తీశాను. క్లియోపాత్రా కాలంనాటి అలెగ్జాండ్రియా వీధుల్లో తిరిగాను. జపాన్ దీవిలో గాలి ఎటు వీస్తే అటు గుర్రాన్ని నడిపాను. పారిస్‌లో నోత్రదామ్ చర్చి పైకెక్కి ఊరంతా చూశాను. 2024లో నేను చేసిన ప్రయాణాలివి. పాస్‌పోర్టు మాత్రం బీరువాలోంచి బయటికి తీయలేదు. ఎందుకంటే ఆ ఏడాది సగం రోజులు నా కుడికాలు పిండికట్టులో ఉంది. మిగతా సగం ఫిజియోథెరపీతో గడిచింది. ఆ ఊళ్లన్నీ నేను చూసింది హన్మకొండలోని మా ఇంట్లో, టీవీ ముందు, వీడియోగేముల్లో!

ముప్ఫై ఏళ్లు సోషల్ టీచరుగా పనిచేశాను. గోడకు మ్యాపు తగిలించి నైలు నది ఇక్కడ, ఏథెన్స్ ఇక్కడ అని బెత్తంతో చూపించడమేగానీ, వాటిలో ఒక్కటీ కళ్లారా చూసింది లేదు. రిటైరయ్యాక ఊళ్లు తిరగాలని నేనూ మావారూ పైసా పైసా కూడబెట్టుకున్నాం. తీరా 2024 జనవరిలో తడి మెట్ల మీద జారిపడ్డాను. మోకాలి కింద ఎముక విరిగింది. ఆపరేషనయ్యాక ‘దూర ప్రయాణాలు ఈ ఏడాదికి మర్చిపోండమ్మా’ అన్నారు డాక్టరుగారు. కాలు మునుపట్లా అవుతుందా అంటే ‘చూద్దాం’ అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు నిద్ర కరవైంది.

అప్పుడొచ్చాడు మా మేనల్లుడు, సంచిలో ప్లేస్టేషన్ పెట్టుకుని. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ‘ఎప్పుడూ కిటికీలోంచి చూస్తూ కూర్చుంటే ఎలా అత్తా? ఇది ఆడు’ అన్నాడు. పైగా ఓ షరతు పెట్టాడు... మొదలుపెట్టిన గేము చివరిదాకా ఆడాల్సిందే, మధ్యలో వదలకూడదని. ‘చివరిదాకా’ అంటే ఏమిటో తర్వాత తెలిసింది. కథ ముగిసి, తెరమీద పేర్లు వస్తే గేము పూర్తయినట్టే. దాచిపెట్టిన పెట్టెలూ ఈకలూ అన్నీ ఏరుకుంటే నూటికి నూరు శాతం. గుళ్లో మూలవిరాట్టు దర్శనం అయితే యాత్ర పూర్తయినట్టే కదా, ఉపాలయాలన్నీ తిరగడం మన ఓపిక. ఇదీ అంతే! అలా ఆ ఏడాది ఏడు గేములు పూర్తిచేశాను.

కప్పుల మీంచి ఫ్లోరెన్స్

మొదటిది అసాసిన్స్ క్రీడ్-2. 2009లో వచ్చిన గేము. కథ 1476లో ఫ్లోరెన్స్‌లో మొదలవుతుంది. ఎజియో అనే యువకుడు తన కుటుంబాన్ని నాశనం చేసినవాళ్ల మీద పగ తీర్చుకోవడం ఇతివృత్తం. మెడిచీ కుటుంబం, 1478లో వాళ్ల మీద జరిగిన పాజ్జీల కుట్ర, లియొనార్డో డావిన్సీ... తొమ్మిదో తరగతిలో నేను చెప్పిన సాంస్కృతిక పునరుజ్జీవనమంతా కళ్లముందు కదిలింది.

మొదట్లో బొటనవేళ్లకి ఆ బటన్లు ఎక్కడున్నాయో తెలియక గంటసేపు ఒకే గోడకి గుద్దుకున్నాను. మావాడు పడీ పడీ నవ్వాడు. నెల తిరిగేసరికి, 1436లో పూర్తయిన బ్రునెలెస్కీ గుమ్మటం మీదికి పాకేశాను. పైనుంచి చూస్తే ఎర్ర పెంకుల సముద్రం. మన ఊళ్లో చార్మినారో వేయిస్తంభాల గుడో ఎక్కడుందో తెలిసినట్టు, ఆ ఊళ్లో ఏ సందు ఎటు వెళ్తుందో నాకిప్పుడు తెలుసు.

కత్తి దింపి చూసిన ఈజిప్టు

ఎండాకాలమంతా ఈజిప్టులో. 2017లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్ కథ క్రీ.పూ. 49లో మొదలవుతుంది. క్లియోపాత్రా, జూలియస్ సీజర్ పాత్రలుగా వస్తారు. అలెగ్జాండ్రియా దీపస్తంభం, గ్రంథాలయం... ఇప్పుడు భూమ్మీద లేనివి అందులో నిలబడి ఉంటాయి. గిజా పిరమిడ్ల దగ్గర ఓ విషయం నన్ను ఆపేసింది. క్లియోపాత్రా కాలానికే అవి రెండున్నర వేల ఏళ్ల పాతవి. అంటే ఆమెకి అవి ఎంత ప్రాచీనమో, మనకు ఆమె దాదాపు అంత దూరం కూడా కాదు! ఇన్నేళ్లూ బోర్డు మీద తేదీలు రాశానుగానీ, ఈ లెక్క ఎప్పుడూ మనసుకెక్కలేదు.

ఈ గేములో టీచర్లకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో దీనికి ‘డిస్కవరీ టూర్’ అనే విభాగం జోడించారు. అందులో కొట్లాటలుండవు, శత్రువులుండరు. మ్యూజియంలో గైడు వెంట నడిచినట్టు 75 యాత్రలు. మమ్మీలు ఎలా చేశారు, రొట్టెలు ఎలా కాల్చారు, నైలు వరదతో సేద్యం ఎలా సాగింది అన్నీ చెబుతారు. పక్కింటి ఏడో తరగతి పాపని కూర్చోబెట్టి చూపించాను. పరీక్షలో ఈజిప్టు పాఠం ఇక చదవక్కర్లేదంది!

మధ్యలో ఒక సాయంత్రం ‘జర్నీ’ అనే చిన్న గేము. 2012 నాటిది. రెండు గంటల్లో అయిపోతుంది. ఎడారిలో ఒంటరిగా బయల్దేరి దూరంగా కనిపించే కొండకు వెళ్లాలి. ఒక్క మాట ఉండదు. దారిలో ఎక్కడో మరో యాత్రికుడు తారసపడతాడు. ఏ దేశంలోనో కూర్చుని ఆడుతున్న నిజం మనిషి. పేరు కనిపించదు, మాట్లాడే వీల్లేదు. చిన్న సవ్వడి చేసి పిలుచుకోవడమే. మంచులో ఇద్దరం పక్కపక్కనే నడిచాం. కాశీయాత్రలో రైలు పెట్టెలో కలిసి, స్టేషన్‌లో విడిపోయినవాళ్లలా ఆ మనిషి ఇప్పటికీ గుర్తుకొస్తుంటాడు.

గాలే దారి చూపే దీవి

వానలు మొదలయ్యాక జపాన్ వెళ్లాం. 2020 జులైలో విడుదలైన ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’. జపాన్‌కీ కొరియాకీ మధ్య ఉన్న సుషిమా దీవి మీద 1274లో మంగోలులు దండెత్తారు. ఆ చరిత్ర చుట్టూ అల్లిన కథ ఇది. చేసింది మాత్రం అమెరికా కంపెనీ. ఇందులో దారి చూపడానికి బాణం గుర్తులుండవు. బటన్ మీద వేలు రాస్తే గాలి వీస్తుంది. గడ్డి ఎటు వంగితే అటు పోవాలి, అంతే. ఎక్కడైనా నక్క కనబడితే దాని వెంట వెళ్తే గుడి వస్తుంది.

దీనికి ఓ నిజమైన కొనసాగింపు ఉంది. 2020 సెప్టెంబర్‌లో తుపాను వచ్చి, అసలు సుషిమా దీవిలోని వాతత్సుమి ఆలయం ముందున్న తోరణద్వారం కూలిపోయింది. బాగుచేయడానికి విరాళాలు అడిగితే, ఆ గేము ఆడినవాళ్లు దేశదేశాల నుంచి డబ్బు పంపారు. 50 లక్షల యెన్‌లు కావాలనుకుంటే రెండు కోట్ల 70 లక్షలు దాటింది! ఆ దీవివాళ్లు 2021లో గేము దర్శకులిద్దరినీ తమ పర్యాటక రాయబారులుగా ప్రకటించారు. ఎన్నడూ చూడని ఊరి గుడికి చందా ఇచ్చారంటే, ఆ ఊరు వాళ్లకి ఎంతోకొంత సొంతమైనట్టే కదా.

నడకే ఆట!

సెప్టెంబర్‌లో వాకర్ పట్టుకుని హాల్లోంచి వంటింటిదాకా నడవడం మొదలుపెట్టాను. పదిహేను అడుగులు. రెండువారాలైనా అవి ఇరవై కాలేదు. రాత్రిళ్లు డాక్టరుగారి ‘చూద్దాం’ మళ్లీ చెవిలో మోగేది. ఆ రోజుల్లోనే ‘డెత్ స్ట్రాండింగ్’ పెట్టాడు మావాడు. 2019లో జపాన్‌కి చెందిన హిడియో కొజిమా రూపొందించిన గేము.

మిగతా గేముల్లో పరుగెత్తడం, ఎగరడం ఓ లెక్క కాదు. ఇందులో నడకే ఆట. కథానాయకుడు సామ్ వీపు మీద బరువులు మోసుకుంటూ, చెదిరిపోయిన ఊళ్లకు సరుకులు చేరవేస్తుంటాడు. బరువు ఎడమకు ఒరిగితే ఓ బటన్, కుడికి ఒరిగితే ఇంకో బటన్ నొక్కి పట్టుకోవాలి. రాయి తగిలినా తూలతాడు. వాగులో లోతు తెలియక దిగితే కొట్టుకుపోతాడు. నాలుగడుగులేసి నిలబడి ఊపిరి తీసుకోవాలి. ‘ఇదేం గేమత్తా, బోరు’ అని మావాడు వెళ్లిపోయాడు. నాకు మాత్రం వదలబుద్ధి కాలేదు. కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని వేయడం అప్పటికి నా బతుకే మరి!

ఇంకో చిత్రముంది. ఎవరో ఆటగాడు కొండకి వేసిన నిచ్చెన, వాగు మీద కట్టిన వంతెన మన ఆటలోనూ ప్రత్యక్షమవుతాయి. వాళ్లెవరో తెలియదు. వాడుకుని ఓ మెచ్చుకోలు గుర్తు పంపొచ్చు. ఓరోజు వానలో, బరువంతా జారిపోతున్న వేళ ఓ తాడు కనిపించింది. ఎవరు కట్టారో! వాళ్లకి చేతులెత్తి దండం పెట్టాను. మర్నాడు వంటింటిదాకా రెండుసార్లు నడిచాను. ఈ గేము పూర్తవడానికి రెండు నెలలు పట్టింది. అప్పటికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది.

కాలిన గోపురం

నవంబర్‌లో పారిస్. 2014లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ యూనిటీ, ఫ్రెంచి విప్లవ కాలం. ఇందులోని నోత్రదామ్ చర్చిని ఇటుక ఇటుకా చూసి చేసినట్టుంటుంది. ఓ చిన్న తేడా మాత్రం ఉంది. దాని నడినెత్తిన కనిపించే సూదిమొన గోపురం నిజానికి 19వ శతాబ్దంలో కట్టింది. విప్లవంనాటికి లేదు. అందం కోసం చేర్చుకున్నారు.

2019 ఏప్రిల్ 15న అసలు చర్చి మంటల్లో చిక్కుకుని ఆ గోపురం కుప్పకూలింది. అప్పుడు గేము కంపెనీ ఐదు లక్షల యూరోలు విరాళమిచ్చి, ఈ గేమును వారంపాటు ఉచితంగా ఇచ్చింది. గేము చూసి చర్చిని మళ్లీ కట్టేశారని చెప్పుకుంటారుగానీ అది నిజం కాదు. ఆండ్రూ టాలన్ అనే కళాచరిత్రకారుడు అంతకుముందే లేజర్ కిరణాలతో తీసిపెట్టిన కొలతలు అక్కడ అక్కరకొచ్చాయి. 2024 డిసెంబర్ 7న చర్చి తిరిగి తెరుచుకోవడం టీవీలో చూశాం. నేను గేము పూర్తిచేసి వారం కూడా కాలేదు. ‘అదిగో, ఆ మూల నుంచే నేను ఎక్కింది’ అంటే మావారు నన్ను వింతగా చూశారు.

మనుషుల్లేని మన దేశం

చివరిది 2017 నాటి ‘అన్‌చార్టెడ్: ద లాస్ట్ లెగసీ’. దీన్ని మావాడు కావాలనే దాచిపెట్టాడు. ఎందుకంటే కథ మన దేశంలోనే! సగం భారతీయురాలైన క్లోయీ ఫ్రేజర్, స్నేహితురాలు నాడీన్‌తో కలిసి పడమటి కనుమల్లో హొయసలుల నిధి కోసం వెతుకుతుంది. ఆ నిధి ఏమిటంటారా? వినాయకుడి దంతం. పరశురాముడి గొడ్డలి దెబ్బకు దంతం విరిగి గణపతి ఏకదంతుడైన కథ మనకు తెలిసిందే. జలపాతాల మధ్య ఆకాశమంత గణేశ విగ్రహాలు, అడవి మింగేసిన గోపురాలు, బేలూరు, హళేబీడు పేర్లు... చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

కానీ ఒకటి గుచ్చుకుంది. ఫ్లోరెన్స్‌లో సంతలున్నాయి, పారిస్‌లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఈ కథ మొదట్లో నగరంలో ఓ బజారుంది. కొండల్లోకి వెళ్లాక మాత్రం తుపాకులవాళ్లు తప్ప మనిషన్నవాడే లేడు. దీపం పెట్టేవాళ్లు లేరు, కొబ్బరికాయ కొట్టేవాళ్లు లేరు. అసలు హళేబీడు అలాగే ఉంటుందా? ఈ మాటతోనే మావాడు రైలు టిక్కెట్లు తీశాడు. డాక్టరుగారూ ఈసారి ‘వెళ్లిరండమ్మా’ అన్నారు.

అసలు హళేబీడు

2025 జనవరిలో బెంగళూరు వెళ్లి, అక్కణ్నుంచి కారులో హాసన్ చేరాం. దాదాపు 180 కిలోమీటర్లు. హాసన్‌లో బస చేస్తే రెండు ఊళ్లూ ఒకేరోజు చూడొచ్చు. ఒకదానికొకటి 16 కిలోమీటర్లే. చెప్పులు బయట విడవాలి. మధ్యాహ్నం రాయి కాలుతుంది, మేజోళ్లు తీసుకెళ్లండి.

గేములో చూపినట్టు కొండల్లేవు, జలపాతాల్లేవు. హళేబీడు మైదానంలో ఉంది. పక్కనే పెద్ద చెరువు. హొయసలుల రాజధానిగా దీని పేరు ద్వారసముద్రం. 12వ శతాబ్దపు హొయసలేశ్వరాలయం నక్షత్రాకారపు అరుగు మీద నిలబడి ఉంటుంది. గోడ అడుగున ఏనుగుల వరస, దానిపైన సింహాలు, తీగలు, ఆశ్వికులు, ఇంకా పైన రామాయణ భారత కథలు. వాడింది సబ్బురాయి. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. అందుకే మెళ్లో హారాల పూసలు కూడా లెక్కపెట్టేలా చెక్కగలిగారు.

గేములో ఒక్క బటన్‌తో గోడలెక్కాను. ఇక్కడ అరుగెక్కే మెట్ల దగ్గర కర్ర ఆనించి, ఎడమకాలు ముందు, కుడికాలు తర్వాత, ఒక్కొక్కటే ఎక్కాను. గుడిచుట్టూ ఓసారి తిరగడానికి గంటన్నర పట్టింది. స్కూలు పిల్లలు బారులుగా వచ్చి ఏనుగుల్ని లెక్కపెడుతున్నారు. వాళ్ల పంతులమ్మ అరుస్తోంది. ఆ అరుపు నాకెంత బాగుందో!

సాయంత్రం బేలూరు. 1117లో విష్ణువర్ధనుడు కట్టించిన చెన్నకేశవాలయంలో నేటికీ పూజలు జరుగుతున్నాయి. హారతి గంట మోగుతుంటే, స్తంభాల పైన వాలిన మదనికలు వింటున్నట్టే ఉంటాయి. ఈ రెండు ఆలయాలకీ, సోమనాథపురానికీ కలిపి 2023లో యునెస్కో వారసత్వ హోదా దక్కింది. మదనికల్ని చూస్తే మన రామప్ప గుడి గుర్తుకొచ్చింది. కాకతీయులు, హొయసలులు ఒకే కాలంవాళ్లు. 1310లో ఓరుగల్లును లొంగదీసిన మాలిక్ కాఫూర్ సైన్యమే, మరుసటేడు ద్వారసముద్రం మీద పడింది.

ఇంటికొచ్చాక ఓ ఆదివారం రామప్పకీ వెళ్లాం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మావాడు గోడచుట్టూ ఫోన్‌తో ఫొటోలు తీస్తూ ‘దీన్ని గేముగా చేస్తే ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలత్తా?’ అని అడిగాడు.

‘అడుగున ఏనుగుల వరస నుంచి’ అన్నాను. ‘ఆ గేట్లో పూలమ్ముతోంది చూడు, ఆవిణ్ని మాత్రం మర్చిపోకు.’