పూలను కాపాడే ఆవులు

పిల్లలూ! మీ పెరటిలోని పూలమొక్కల మీదికి పక్కింటి ఆవు వచ్చిందనుకోండి. మీరేం చేస్తారు? కర్ర పుచ్చుకుని "హే, హే!" అంటూ తరుముతారు గదా! ఆవు మేస్తే పూలుండవని పసిపిల్లలకు కూడా తెలుసు. కాని, పూలు బతకాలంటే పనిగట్టుకుని ఆవులను తోలుకుపోవలసిన చోటు ఒకటి ఈ భూమి మీద ఉన్నది. దాన్ని నేను కళ్ళారా చూశాను. అది ఎక్కడున్నదో, ఆ వింత ఎలా జరుగుతుందో చెబుతాను, వినండి.

అట్లాసు తెరిచి ఐరోపా పటం చూడండి. ఇంగ్లండుకు పడమరగా ఐర్లండు దీవి కనిపిస్తుంది. ఆ దీవి పడమటి ఒడ్డున, అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఒరుసుకుంటూ క్లేర్ అనే జిల్లా ఉన్నది. దానికి ఉత్తరాన గాల్వే అఖాతం; దక్షిణాన షానన్ నది సముద్రంలో కలిసేచోటు. మధ్యలో పచ్చిక బయళ్ళు, రాతిగోడలు, చిన్న చిన్న ఊళ్ళు. ఆ జిల్లాకు ముఖ్యపట్టణం ఎన్నిస్. మా అమ్మాయి అక్కడ నర్సుగా పనిచేస్తున్నది. నేను రెండుసార్లు వెళ్ళాను. ఒకసారి మే నెలలో, మరొకసారి అక్టోబరులో. ఆదివారం వస్తే చాలు, డబ్బాలో పులిహోర పెట్టుకుని, వానకోట్లు తగిలించుకుని అందరం బయలుదేరేవాళ్ళం. అక్కడి నుంచి ఎటు వెళ్ళినా పొద్దున పోయి సాయంకాలానికి ఇంటికి రావచ్చు.

మొట్టమొదట వెళ్ళింది బర్రెన్ అనే చోటికి. ఐర్లండు భాషలో ఆ మాటకు రాతినేల అని అర్థం. పేరుకు తగినట్టే, కనుచూపు మేర బూడిదరంగు రాతికొండలు. మన ఇళ్ళలో నాపరాళ్ళు పరుస్తారే, అలా ఎవరో కొండలకు కొండలే పరిచినట్టున్నది. "ఇక్కడ చూడటానికేముంది, తాతయ్యా?" అన్నది మా మనుమరాలు. ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. "దూరంగా కాదు, నీ కాళ్ళ దగ్గర చూడు," అన్నాను.

బండకూ బండకూ మధ్య పొడుగాటి నెర్రెలున్నాయి. మా మనుమరాలు బోర్లా పడుకుని ఒక నెర్రెలోకి తొంగి చూసింది. పైన గాలి ఈలలు వేస్తున్నది గాని, లోపల చల్లగా, తడిగా, నిశ్చలంగా ఉన్నది. నాలుకలాంటి ఆకులున్న ఫెర్న్ మొక్కలు అందులో హాయిగా పెరుగుతున్నాయి. బండ మీద ఎండకూ గాలికీ ఓర్చుకునే మొక్కలు, బండల సందున నీడను కోరుకునే మొక్కలు! రెండింటికీ మధ్య జానెడు దూరం!

ఈ నెర్రెలు ఎలా వచ్చాయి? ఆ రాయి సున్నపురాయి. 30 కోట్ల ఏళ్ళకు పైగా వెనక ఆ నేల భూమధ్యరేఖకు దగ్గరగా, లోతులేని వెచ్చని సముద్రం అడుగున ఉండేది. గవ్వలూ, పగడాలూ, ఇతర జీవుల పెంకులూ అడుగున పేరుకుని, గట్టిపడి రాయి అయ్యాయి. వెతికితే ఆ రాతిలో పగడాల అచ్చులు ఈనాటికీ కనిపిస్తాయి. ఆ తరువాత చాలా కాలానికి మంచుయుగం వచ్చింది. మంచునదులు జరుగుతూ జరుగుతూ పైనున్న మట్టిని గీకివేశాయి. ఇక వాననీరు సంగతి చూడండి. అది గాలిలోనూ మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకుని చాలా పలచని ఆమ్లం అవుతుంది. ఆ నీరు సున్నపురాతిని రవ్వంత రవ్వంతగా కరిగిస్తుంది. పగుళ్ళు వెడల్పై నెర్రెలవుతాయి. భూమి లోపలి నీటిదారులు వెడల్పై గుహలవుతాయి. మన బెలుం గుహలూ, బొర్రా గుహలూ కూడా సున్నపురాతిలో నీరు చేసిన పనే.

బర్రెన్‌లో ఐల్వీ అనే గుహ ఉన్నది. 1940లో జాకో మెక్‌గాన్ అనే రైతు, కుందేలు వెంటబడిన తన కుక్క వెనకే వెళ్ళి దాన్ని కనుక్కున్నాడట. 1976 నుంచి జనం అందులోకి వెళ్ళి చూస్తున్నారు. లోపల ఎలుగుబంటి ఎముకలు దొరికాయి. ఐర్లండులో ఎలుగుబంట్లు అంతరించి వెయ్యేళ్ళకు పైగా అయింది!

ఆ దగ్గరలోనే పుల్నబ్రోన్ అనే రాతి సమాధి ఉన్నది. నిలువు రాళ్ళ మీద పెద్ద బండ కప్పు. మన తెలంగాణాలో రాక్షసగుళ్ళు అంటారే, చూడటానికి అటువంటిదే. దాని వయస్సు 5,000 ఏళ్ళకు పైమాటే. 1986లో తవ్వి చూస్తే అందులో 30 మందికి పైగా మనుషుల ఎముకలు కనిపించాయి. దాన్ని చూడవచ్చిన వాళ్ళు కొందరు, సరదాకు బండలు పెకలించి బొమ్మ సమాధులు కట్టి పోతారు. మా మనుమరాలికీ ఆ సరదా కలిగి ఒక రాయి ఎత్తింది. దాని కింద చిన్న నత్త ఒకటి ముడుచుకుని ఉన్నది. ఆ పిల్ల కాసేపు చూసి, "ఇది దాని ఇల్లు, తాతయ్యా," అంటూ రాయిని ఎక్కడిదక్కడే పెట్టేసింది. నేను చెప్పవలసిన పాఠం నత్తే చెప్పింది!

ఇక పూలు. మే నెలలో ఆ రాతి సందుల్లో, గడ్డిలో పూచిన పూలకు లెక్కలేదు. సిరాలాగా చిక్కని నీలిరంగు జెంషియన్ పూలు చల్లని ఎత్తైన కొండలకు చెందినవి. ఎనిమిది తెల్లరేకుల డ్రయాస్ పూలు ఉత్తరధ్రువానికి దగ్గరి ప్రాంతాలవి. దక్షిణ ఐరోపాలోని వెచ్చని చోట్ల పూసే ఆర్కిడ్లు కూడా అక్కడే ఉన్నాయి. ఇలా చలిదేశపు పూలూ, వేడిదేశపు పూలూ పక్కపక్కన పూసే చోటు చాలా అరుదు. ఐర్లండులో సహజంగా పెరిగే మొక్కల జాతుల్లో నూటికి 70 దాకా ఆ ఒక్క చోటనే కనిపిస్తాయి.

ఆ పూలకు ఆవులతో ఏమి పని? ఆ సంగతి నాకు అక్టోబరులో తెలిసింది. ఆ నెల చివర బర్రెన్‌లో ఒక పండుగ చేస్తారు. రైతులు తమ ఆవులను కొండ మీదికి తోలుకుపోతారు. వాటి వెనక ఊరి పిల్లలూ, పెద్దలూ, మాలాంటి చుట్టపుచూపు వాళ్ళూ నడుస్తారు. చలికాలం వస్తుంటే ఆవులను కొండ ఎక్కించటమేమిటి? ఆల్ప్స్ కొండల్లో పశువులను ఎండకాలం పైకి తోలి, చలికాలం కిందికి దింపుతారు. ఇక్కడ అంతా తలకిందులు!

కారణం ఆ రాతిలోనే ఉన్నది. సున్నపురాయి వేసవి అంతా ఎండకు కాగి, ఆ వేడిని చలికాలంలో నెమ్మదిగా వదులుతుంది. వాననీరు నెర్రెల్లోకి ఇంకిపోతుంది గనక ఆవులు పడుకునే చోట బురద ఉండదు. వేసవిలో ఎవరూ మేపని గడ్డి అక్కడ పుష్కలంగా ఉంటుంది. అందుకని ఆవులు చలికాలమంతా కొండ మీదనే మేసి, వసంతంలో కిందికి దిగుతాయి. అవి దిగిన తరువాతనే పూల మొగ్గలు పైకి వస్తాయి. ముదురు గడ్డినంతా ఆవులు మేసి ఉంచాయి గనక, చిన్న మొక్కలకు వెలుతురు దొరుకుతుంది. చూశారా, ఆవు చలికాలంలో మేస్తే వసంతంలో పువ్వు పూస్తుంది!

నా పక్కన ఒక ముసలి రైతు నడుస్తున్నాడు. ఆయన మనుమడు, పన్నెండేళ్ళ వాడు, కర్ర పట్టుకుని ముందు పోతున్నాడు. "మా తాత కూడా ఈ దారినే ఆవులను తోలాడు," అన్నాడు రైతు. తరువాత ఒక కొండ చరియ చూపించాడు. అక్కడ రాయీ లేదు, పూలూ లేవు. అంతా హేజెల్ పొదలు. "ఆ పొలం వాళ్ళు పశువులను పైకి తోలటం మానేశారు. పిల్లలు పట్నాలకూ, పరాయి దేశాలకూ పోయారు," అన్నాడు. ఆ తరువాత నన్ను, "మీ ఊళ్ళో మీ పొలం ఎవరు చూస్తున్నారు?" అని అడిగాడు. "కౌలుకు ఇచ్చాను," అన్నాను. మా అమ్మాయి మాకు కొంచెం ముందు నడుస్తున్నది. ఆయన తల ఊపాడు. ఆ పైన మేమిద్దరం కొంత దూరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ కష్టం ఒక్క పొలానిది కాదు. 20వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో చాలామంది రైతులు ఆవులను చలికాలం కొట్టాల్లోనే ఉంచి మేపసాగారు. కొండల మీద పొదలు అల్లుకుని పూలను మింగసాగాయి. 2005 నుంచి 2010 దాకా 20 పొలాల్లో, రైతులూ శాస్త్రజ్ఞులూ కలిసి దీనికి ఉపాయం వెతికారు. ఆ అనుభవంతో తరువాత ఒక చక్కని పద్ధతి పెట్టారు. ప్రతి పచ్చికబయలుకూ పదికి ఇన్ని అని మార్కులు వేశారు! పూలూ గడ్డీ ఆరోగ్యంగా ఉంటే మార్కులు ఎక్కువ. మార్కులు ఎక్కువైతే రైతుకు డబ్బు ఎక్కువ. 2016లో మొదలైన బర్రెన్ కార్యక్రమంలో 300కు పైగా రైతులు చేరారు. బడిలో పిల్లలకు మార్కులు వేస్తూ నా జీవితం గడిచింది గాని, పొలాలకు మార్కులు వేయవచ్చునని నాకు ఎన్నడూ తోచలేదు!

క్లేర్‌లో ఇంకా చాలా చోట్లు తిరిగాం. మోహెర్ కొండలు 214 మీటర్ల ఎత్తున సముద్రం మీదికి గోడలాగా నిలిచి ఉంటాయి. ఆ గోడ అరుగుల మీద గిల్లెమాట్ అనే పక్షులు గూడు కట్టకుండా గుడ్లు పెడతాయి. ఆ గుడ్లకు ఒక కొస సన్నగా ఉంటుంది గనక అవి తేలికగా దొర్లిపోవు. అంచున గాలి మనిషిని తోసేస్తుంది. ప్రమాదాలు జరిగి 2024లో ఆ అంచు నడకదారిలో చాలా భాగం మూసివేశారు. కిల్కీ అనే ఊళ్ళో సముద్రం వెనక్కు తీసినప్పుడు రాతిగుంటల్లో నీళ్ళు నిలుస్తాయి. వాటిలో పీతలనూ, చిన్న చేపలనూ చూడవచ్చు, ఈదవచ్చు. పోటు వచ్చే వేళ తెలుసుకోకుండా మాత్రం అక్కడికి వెళ్ళరాదు.

అక్కడి వాళ్ళు విహారానికి వచ్చిన పిల్లలకు చెప్పే నియమాలు కొద్ది. తెరిచిన గేటు మూసి రావాలి. రాయిని కదపరాదు. పువ్వును కోయరాదు. గాలినీ పోటునూ కనిపెట్టి నడవాలి. వీటికి నేను మరొకటి చేరుస్తాను: ఎక్కడికి వెళ్ళినా, "ఈ చోటు ఇంత అందంగా ఉండటానికి ఎవరు పాటుపడుతున్నారు?" అని అడగాలి. మీ ఊరి చెరువుకో, తోటకో, కొండకో వచ్చే ఆదివారం వెళ్ళండి. చెరువు తూము చూసేవాడినీ, గొర్రెలు కాసేవాడినీ పలకరించండి. వాళ్ళు చెప్పేవి మీ పాఠ్యపుస్తకంలో ఉండకపోవచ్చు. ఇంటికి వచ్చి వాటిని ఒక నోటుబుక్కులో రాసి, మీ అమ్మకూ నాన్నకూ చదివి వినిపించండి.