ఆడుపిల్లలును పడవపందెములును

మా మానుకోట సీమలో చెరువు లేని యూరు అరుదు. కాగితములందు మహబూబాబాదని వ్రాయుదురు గాని, మావంటి పాతకాలపువారి నోట నేటికిని మానుకోటయే పలుకును. ఇచ్చటి ఆడువారికిని చెరువునకును గల చుట్టరికము మిక్కిలి పాతది. నాట్లకు నీరు చెరువునుండియే వచ్చును. బతుకమ్మను పేర్చి, ఆడి, పాడి, తుదకు సాగనంపునది చెరువులోనికే. అయినను ఆ గట్టుమీద నిలిచిన వందమంది స్త్రీలలో ఈత వచ్చినవారెందరని అడిగినచో చేయి యెత్తువారు ఒకరో ఇద్దరో యుందురు. నీటిని పూజింతుము, మోయుదుము, పొదుపు చేయుదుము; నీటిమీదికి మాత్రము పోము.

ఇట్టి భయము మనకు ఎప్పుడు పట్టినదో గాని, పూర్వము మన సీమ స్త్రీలు నీటిపనులకు వెనుదీసినవారు కారు. మా జిల్లాలోని బయ్యారము చెరువును పదమూడవ శతాబ్దమున కట్టించినది ఒక స్త్రీ. ఆమె కాకతి గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ. ఆ చెరువునకు ధర్మకీర్తి సముద్రమని పేరు పెట్టి, శాసనము వేయించినది. కాకతీయుల వంశక్రమము నిర్ణయించుటలో చరిత్రకారులకు ఆ శాసనము ముఖ్యాధారములలో నొకటి.

ఈ మాటలిప్పుడేల యనగా, మా తమ్ముని కుమార్తె చదువునకై అమెరికా వెళ్లి, తన కళాశాలలోని ఆడుపిల్లల పడవజట్టులో చేరితినని నిరుడు తెలియజేసినది. అది విని మా మరదలు కంట తడి పెట్టుకొని నాయొద్దకు వచ్చినది.

"వదినగారూ, దాని జాతకములో జలగండమున్నదని పుట్టినప్పుడే సిద్ధాంతిగారు చెప్పిరి. చెరువుగట్టునకు సయితము పంపక పెంచితిని. చదువుకొనుటకు పోయిన పిల్ల తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి నదిలో పడవ నడపుట యేమి? మీ మాట వినును. వలదని చెప్పండి" అని బతిమాలినది.

నేను పిల్లతో మాటలాడితిని. "అత్తయ్యా, ఈత పరీక్షలో నెగ్గిన పిమ్మటనే నన్ను పడవ నెక్కనిచ్చిరి. అంతకు ముందు రెండు నెలలు నాకు ఈత నేర్పినది మా శిక్షకురాలే. ఆమె ఈ కళాశాలలో ఇరువది రెండేండ్లుగా ఉన్నది. పడవ నెన్నడును చూడని నావంటివారిని పిలిచి జట్టు కట్టుట ఆమెకు అలవాటు" అని చెప్పినది.

ఆ మాటతో నాకు భయము తగ్గి కుతూహలము హెచ్చినది. ఒకే చోట అన్ని యేండ్లు నిలిచి ఆడుపిల్లలకొక కొత్త విద్య నేర్పుట యెట్టిదో తెలిసికొనవలెనని, దొరికినవెల్ల చదివితిని. తెలిసినంత సోదరీమణులతో చెప్పుచున్నాను.

ఈ క్రీడను రోయింగు అందురు. ఆ పడవ మన తెప్పవంటిది గాని, పుట్టివంటిది గాని కాదు. ఎనమండుగురు తెడ్లు వేయు పడవ సుమారు 60 అడుగుల పొడవుండును. వెడల్పు మాత్రము రెండడుగులు. పందెములలో దాని బరువు 96 కిలోలకు తగ్గరాదని నియమము. అంత పొడవైన దానిని పిల్లలే భుజములపైకెత్తి నీటివరకు మోసికొనిపోవుదురు. కూర్చుండు పీట ముందునకును వెనుకకును జారును. పాదములు ఒక పలకకు బిగించి యుండును. చూచువారు చేతుల బలమనుకొందురు గాని, పడవను నడపునది ముఖ్యముగా తొడల బలము. తెడ్లన్నియు ఒక్కమారు మునిగి, ఒక్కమారు లేవవలెను. ఒకరు తడబడిన తక్కినవారి శ్రమయు వృథా. తెడ్లు వేయువారు తాము పోవు దిక్కును చూడరు. వారి వీపులు అటు తిరిగి యుండును. దారి చూచి చెప్పునది చుక్కాని పట్టిన తొమ్మిదవ పిల్ల.

ఇది చదువగానే నాకు మన వరినాట్లు జ్ఞప్తికి వచ్చినవి. వరుసగా నిలిచి, నడుము వంచి, ఒక్క పాటకు ఒక్క చేతిగా, వెనుకకు వెనుకకు జరుగుచు నాటు వేయు మన కూలిస్త్రీలకంటె ఈ ఆటను సులభముగ గ్రహింపగలవారెవ్వరు? వారును పోవు దిక్కును చూడరు. నాటిన వరుసనే చూతురు. ప్రక్కదానితో చేయి కలిపి మునుము చెడకుండ చూచుకొందురు. కాబట్టి బలము లేదు, ఒద్దిక లేదు అనుటకు వీలు లేదు.

అయితే బలము చాలినంతమాత్రమున జట్టు ఏర్పడదు. ఒలింపిక్ క్రీడలలో పురుషులు 1900 నుండి పడవపందెములాడుచుండగా, స్త్రీలకు 1976లో మాంట్రియల్ నగరమున గాని చోటు దొరకలేదు. అప్పుడును పురుషులకు 2000 మీటర్లు, స్త్రీలకు 1000 మీటర్లే. ఇరువురికిని ఒకే దూరము 1988లో సియోల్‌లో వచ్చినది. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి స్త్రీలు 1927లోనే పోటీపడిరి గాని, నాడు వారి పడవలను ప్రక్కప్రక్కన పరుగెత్తనీయలేదు. వేగమునకు వేరుగను, తెడ్డు వేయు సొగసునకు వేరుగను విలువ కట్టిరి. పురుషులు పందెమాడు థేమ్సునదీ మార్గము వారికి 2015లో లభించినది.

అమెరికాలో 1972లో టైటిల్ నైన్ అను చట్టము వచ్చినది. ప్రభుత్వ ధనము పొందు విద్యాలయములలో ఆడ, మగ భేదము పాటింపరాదని దాని సారాంశము. అయినను యేల్ విశ్వవిద్యాలయపు పడవలశాలలో స్నానపుగదులు పురుషులకే యుండెను. చన్నీటిలో తడిసిన స్త్రీలు పురుషుల స్నానములు ముగియువరకు బస్సులో వణకుచు కూర్చుండెడివారు. 1976 మార్చి 3వ తేదీన క్రిస్ ఎర్నెస్ట్ అను నాయకురాలితో 19 మంది స్త్రీలు అధికారిణి కార్యాలయమునకు పోయి, పైదుస్తులు తొలగించి, దేహములపై వ్రాసికొన్న ఆ చట్టపు పేరును చూపి తమ మొర వినిపించిరి. ఆ పద్ధతి మనలో ననేకులకు రుచింపదు. వారి కోరిక మాత్రము ఏ తల్లికి అర్థము కాదు? తడిబట్ట మార్చుకొను గది లేనిచోట ఆడుపిల్ల ఆట సాగదు. ఆ ఎర్నెస్ట్ అదే సంవత్సరము మాంట్రియల్ ఒలింపిక్ క్రీడలలో పాల్గొన్నది.

గది దొరకిన పిమ్మట కావలసినది నిలుకడ. బ్రౌన్ విశ్వవిద్యాలయమున జాన్ మర్ఫీ అను శిక్షకుడు 1984లో స్త్రీల జట్టు భారము వహించెను. ఆయన భార్య ఫీబీయు ఆ జట్టునకే శిక్షణ నిచ్చినది. అమెరికా కళాశాలల క్రీడాసంఘము స్త్రీల రోయింగునకు జాతీయపోటీ నెలకొల్పినది 1997లో. అనగా అట్టి పోటీ పుట్టకముందే పదమూడేండ్లుగా ఆయన జట్టును తీర్చుచుండెను. పిదప 1999, 2000, 2002, 2004, 2007, 2008, 2011 సంవత్సరములలో ఏడుమారులు బ్రౌన్ స్త్రీలే ప్రథములైరి.

ఆ యేడు విజయములకంటె నన్ను ఆకర్షించినది వేరొకటి. కళాశాలలో పిల్ల నాలుగేండ్లకంటె ఉండదు. నేర్చినవారు పోవుచుందురు, నేర్వనివారు వచ్చుచుందురు. వేసవి వేసవికి చెరువు పూడిక తీసినట్లు, శిక్షకుడు ఏటేట మొదటికి వచ్చి మరల తెడ్డు పట్టుట నేర్పవలసినదే. విసుగు చెందనివాడే అట్లు చేయగలడు. పడవ కొనుట ఒక నాటి పని. జట్టు కట్టుట ఒక జీవితకాలపు పని.

మన దేశమున అట్లు దీర్ఘకాలము నిలిచినవారిలో ఒకరు మన హైదరాబాదువారే యగుట సంతోషము. ఇస్మాయిల్ బేగ్‌గారు రోయింగు శిక్షణకు గాను 2005లో ద్రోణాచార్య పురస్కారము పొందిరి. 2010లో గ్వాంగ్‌ఝౌ ఏషియా క్రీడలలోను, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలోను భారతజట్టునకు ప్రధాన శిక్షకులు వారే. గ్వాంగ్‌ఝౌలో బజరంగ్ లాల్ తాఖర్ ఒంటరి పడవలో గెలిచిన బంగారు పతకము ఏషియా క్రీడల రోయింగులో మనకు మొదటిది. అచ్చటనే ఒడిశా యువతులు ప్రతిమా పుహాన్, ప్రమీలా ప్రభా మింజ్ ఇరువురి పడవలో కాంస్యపతకము తెచ్చిరి.

ఆడుపిల్లల పతకము చూచి మురిసితిని. ఆ తరువాతి లెక్క చూచి చిన్నబోతిని. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఏషియా క్రీడలలో మన దేశమునకు రోయింగులో ఐదు పతకములు వచ్చినవి, ఐదును పురుషులవే. 2000లో సిడ్నీ మొదలు 2024లో పారిసు వరకు ఏడు ఒలింపిక్ క్రీడలలో మనవారు తెడ్డు వేసిరి. వారిలో ఒక్క స్త్రీయు లేదు.

కారణము దూరమున వెదకనక్కరలేదు. మన పురుషులలో ననేకులు సైన్యమునుండి వచ్చినవారు. సైన్యము వారికి అన్నము, జీతము, పడవ, గురువు అన్నియు సమకూర్చును. బజరంగ్ లాల్ పుట్టినది నీటికి కరవైన రాజస్థానమున. తెడ్డు పట్టినది సైన్యములో చేరిన పిదపనే. చెరువులు లేని సీమ బిడ్డ సైన్యపు నీడన అంతవాడు కాగా, చెరువుల నడుమ పుట్టిన మన పిల్లలు గట్టుమీదనే నిలిచిరి. వారికి అట్టి నీడ ఈయగలది కళాశాలయే.

నేను ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయురాలను. సాయంకాలములందు ఇరుగుపొరుగు కళాశాల విద్యార్థినులు నాయొద్ద ఇంగ్లీషు చదువుకొందురు. ఈత యెందరికి వచ్చునని వారి నొకనాడు అడిగితిని. పదునొకండుగురిలో ఒక్క తండాపిల్లకే వచ్చును. ఆమె తండ్రి ఎండిన సొరకాయబుర్ర నడుమునకు కట్టి, పొలము బావిలో నేర్పెనట. తక్కినవారు, "మాకు నేర్పువారెవరు టీచరమ్మా? చెరువు దిక్కు పోతే మా అమ్మ కాళ్లు విరుగగొట్టును" అని నవ్విరి.

నాకు నవ్వు రాలేదు. 2024 సెప్టెంబరు మొదట కురిసిన వానలకు ఇచ్చటి కేసముద్రము దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. నీటియొద్దకు మనము పోకున్నను నీరే మన గడపకు వచ్చు దినములివి. జాతకమున జలగండమున్నను లేకున్నను, ఈత రాకపోవుటయే గండము. ఈ మాట మా మరదలితోను చెప్పితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "ఆ గురువమ్మ దానికి ఈత నేర్పిన తరువాతనే పడవ నెక్కించినదన్న మాట నిజమేనా వదినగారూ?" అని అడిగినది. నిజమే యంటిని. "అయిన నే చేయవలసిన పని ఆమె చేసినది" అని కండ్లు తుడుచుకొన్నది. నాటినుండి వలదన్న మాట ఆమె నోట రాలేదు. పిల్లకు చలి తగులునేమో యన్న చింత మాత్రము మిగిలినది.

మన ఊళ్లలో ఆడుపిల్లల కళాశాలలు ఈ పనికి పూనుకొనదలచినచో క్రమము తప్పరాదు. మొదట ఈత, దానిని నేర్పుటకొక స్త్రీ. పిదప బట్టలు మార్చుకొనుటకు తలుపునకు గడియ గల గది. పిదప తెల్లవారుజామున పిల్లలను ఇంటినుండి తీసికొనిపోయి మరల దింపు బండి. నేలమీదనే కూర్చుండి తెడ్డులాగుట అభ్యసించు యంత్రములున్నవి. అవి యొకటి రెండు దొరకిన, చెరువు ఎండిన దినములలోను కళాశాల వసారాలోనే సాధన సాగును. పడవలు అన్నిటికిని కడపట. వీటన్నిటికిని మించి, రెండేండ్లకే బదిలీ కాక, పదేండ్లు అచ్చటనే యుండునట్టి గురువు కావలెను. మొదటి యేడు ఆరుగురు పిల్లలు వచ్చి నలుగురు మానుకొన్నను, ఆ ఇద్దరికొరకు మరునాడు తెల్లవారకముందే గట్టుమీద నిలువగల గురువు కావలెను.

సోదరీమణులారా, ఇదియంతయు ప్రభుత్వము చేయువరకు మనము చేతులు ముడుచుకొనియుండ నక్కరలేదు. ఈత మొదటి మెట్టు. అది తల్లుల చేతిలోనిది. నా సాయంకాలపు విద్యార్థినుల తల్లులతో మాటలాడుచున్నాను. నలుగురు ఒప్పుకొనిరి, తక్కినవారు ఆలోచింతుమనిరి. తండాపిల్ల తండ్రి తన పొలము బావిని వేసవిలో ఉదయపువేళ ఆడుపిల్లలకు విడిచెదననియు, తన భార్యయు బిడ్డయు గట్టున కాచుకొనియుందురనియు మాట యిచ్చెను. సొరకాయబుర్రలు ఎండుచున్నవి.